గంటా పావు ప్రయాణం

"ఈ పేజీ రాసింది మీరేనా?"

మహేందర్ తల తిప్పి చూశాడు. మెడలో కొత్త ఐడీ కార్డు, చేతిలో తెరిచిన లాప్‌టాప్‌తో ఒక అమ్మాయి అతని సీటు పక్కన నిలబడి ఉంది. స్క్రీన్ మీద తమ ట్రావెల్ వెబ్‌సైట్‌లోని పేజీ. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమాన దూరం సుమారు ఐదు వందల కిలోమీటర్లు, ప్రయాణ సమయం నలభై అయిదు నిమిషాలు అని ఉంది.

"నేనే. ఏమన్న తప్పుందా?"

"నలభై అయిదు నిమిషాలని ఎలా రాశారండీ?"

అతను ఓపిగ్గా వివరించాడు. రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీసి, ఆ దూరాన్ని విమానం వేగంతో భాగిస్తారు. దేశంలో ఏ రెండు ఊళ్ల పేర్లు కొట్టినా అతను రాసిన ప్రోగ్రామ్ అదే లెక్క చేసి చెబుతుంది. అందులో తప్పేమీ లేదు.

ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా వింది. తర్వాత తన పేరు రసజ్ఞ అని, తమది విశాఖ అని, ఇవాళే చేరానని చెప్పింది. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి ఆ పేజీని నమ్ముకునే ఇంట్లోంచి బయల్దేరిందట. విమానమే గంటా పావు పట్టింది. శంషాబాద్‌లో దిగి, సామాను కోసం నిలబడి, క్యాబ్ దొరికి, రాయదుర్గం చేరేసరికి అంతకు రెట్టింపు పట్టింది. చివరికి తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఇంటర్వ్యూ గదిలోకి పరుగెత్తిందట.

"అయినా ఉద్యోగం వచ్చింది గద," అన్నాడు మహేందర్.

"వచ్చింది. నా మొదటి పని మీ పేజీ సరిచేయడమేనట. విమానాశ్రయంలో ఎవరూ కాపురం ఉండరండీ. మనుషులు ఒక ఇంట్లోంచి బయల్దేరి ఇంకో ఇంటికి వెళ్తారు."

చుట్టుపక్కల సీట్ల వాళ్లు నవ్వారు. మహేందర్‌కి కోపం రావాలి. రాలేదు. ఆమె వెళ్లాక ఆ పేజీ వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరూ కలిసే పనిచేశారు. ఏ ఊళ్లో విమానాశ్రయం ఎంత దూరం, ఎంత ముందు వెళ్లాలి, వానాకాలం ఎంత ఆలస్యమవుతుంది, అన్నీ కలిపి అసలు ప్రయాణ సమయం చెప్పేలా పేజీలు మార్చారు. రసజ్ఞ అతన్ని కొన్నాళ్లు 'నలభై అయిదు నిమిషాలు గారూ' అని పిలిచింది. మధ్యాహ్నం భోజనానికి లేస్తూ, "లెక్క ప్రకారం క్యాంటీన్‌కి మనం ఎప్పుడో చేరిపోయి ఉండాలే," అనేది. అతను నవ్వేసి ఊరుకునేవాడు. మీరు అనే పిలుపు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు.

మహేందర్ ఖానామెట్‌లో పుట్టి పెరిగాడు. ఆఫీసు పద్నాలుగో అంతస్తు అద్దంలోంచి చూస్తే, టవర్ల సందులో, వాళ్ల ఇంటి మీది నల్లటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. రసజ్ఞ నిజాంపేటలో స్నేహితురాలు నీహారికతో కలిసి చిన్న ఫ్లాటులో ఉంటుంది. సాయంత్రం వాన పడితే ఇద్దరూ రాయదుర్గం మెట్రో మెట్ల కింద నిలబడి, చాయ్ తాగుతూ వాన తగ్గడం కోసం ఎదురుచూసేవారు. వాన తగ్గాక కూడా కాసేపు నిలబడేవారు. ఇంకా పడుతోందా అని చూడడానికి ఆమె చెయ్యి చాపేది. పడటం లేదని ఇద్దరికీ తెలుసు.

చెప్పాల్సిన మాట చెప్పడానికి మహేందర్ మంచి రోజు కోసం చూస్తున్నాడు. అంతలో బెంగళూరు ప్రాజెక్టు వచ్చి పడింది.

అక్కడి విమాన సంస్థ ఒకటి తమ కంపెనీకి పని ఇచ్చింది. ఇద్దరు మనుషులు ఆరు నెలలు, సోమవారం పొద్దున విమానంలో వెళ్లి శుక్రవారం సాయంత్రం తిరిగి రావాలి. రసజ్ఞ మేనేజర్ దగ్గరికెళ్లి తన పేరుతో పాటు మహేందర్ పేరు కూడా చెప్పింది. అతనికి ఆశ్చర్యంగా ఉంటుందని ముందు చెప్పలేదు.

మేనేజర్ పిలిచి అడిగితే మహేందర్ కుదరదన్నాడు.

రసజ్ఞ లిఫ్టు దగ్గర అతన్ని ఆపి, కారణం అడిగింది. ఇంట్లో కుదరదని అన్నాడు. ఇంట్లో ఏమిటని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"నాతో రావడం ఇష్టం లేదంటే అదే చెప్పు, మహేందర్. ఇంటి మీద నెట్టకు."

తర్వాతి సోమవారం ఆమె అతను లేకుండానే బెంగళూరు వెళ్లింది. అతని బదులు వాళ్ల టీములోంచి ఇంకొకతను వెళ్లాడు. శుక్రవారాలు వచ్చి పోతున్నా మెట్రో మెట్ల దగ్గరికి ఆమె రాలేదు.

అతను చెప్పని మాట ఇది. దేశంలోని ప్రతి విమానాశ్రయం నుంచి ప్రతి విమానాశ్రయానికీ దూరం చెప్పగల మహేందర్ ఒక్కసారి కూడా విమానంలో ప్రయాణం చేయలేదు. చదువు అయిపోగానే పుణెలో ఉద్యోగం వచ్చింది. విమానం ఎక్కి సీట్లో కూర్చున్నాడు. తలుపు వేస్తున్న చప్పుడు వినగానే ఊపిరి ఆడలేదు. గుండె ఆగిపోతుందనుకున్నాడు. లేచి దింపేయమని అరిచాడు. అతన్ని దింపి, కింద పెట్టిన అతని సూట్‌కేసు వెతికి తీసే దాకా విమానమంతా ఆగింది. కిటికీల్లోంచి చూస్తున్న మొహాలు అతనికి ఇప్పటికీ గుర్తున్నాయి. పుణె ఉద్యోగం పోయింది. ఈ సంగతి అమ్మానాన్నలకు తప్ప ఎవరికీ తెలియదు. వారం వారం విమానంలో తిరగడానికి ఉత్సాహపడే రసజ్ఞ లాంటి అమ్మాయికి దాన్ని ఎలా చెప్పాలో అతనికి తోచలేదు.

జులై నెల. బుధవారం. పొద్దుటి నుంచీ వాన ఆగకుండా పడుతోంది. పదకొండు దాటాక మహేందర్ ఫోన్ మోగింది. రసజ్ఞ. నెల రోజుల తర్వాత.

"మహేందర్, ఎక్కడున్నావ్?"

ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. విశాఖలో అక్క యశస్వినికి ఎనిమిదో నెల. బావ మర్చంట్ నేవీలో ఇంజనీరు, ఓడ ఎక్కడో సముద్రం మధ్య ఉంది. ఇవాళ పొద్దున అక్కకి బీపీ బాగా పెరిగి కళ్లు తిరిగి పడిపోతే పక్కింటివాళ్లు ఆసుపత్రిలో చేర్చారు. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలంటున్నారు. అక్క అమ్మ కావాలని ఏడుస్తోంది. కానీ అమ్మ విశాఖలో లేదు. కంటి ఆపరేషన్ కోసమని హైదరాబాద్ వచ్చి, నిజాంపేట ఫ్లాటులో ఉంది. నాన్న పోయాక ఇద్దరు కూతుళ్లనీ ఒంటి చేత్తో పెంచిన మనిషి. ఇప్పుడు ఒక కంటికి కట్టు విప్పి నల్లద్దాలు పెట్టారు, రెండో కన్ను అంతంతమాత్రం. ఎన్నడూ విమానం ఎక్కలేదు. నీహారిక ఊళ్లో లేదు.

"మూడు గంటల విమానానికి రెండు సీట్లున్నాయి. నాకు ఇక్కణ్నుంచి సాయంత్రం దాకా విమానం లేదు. అమ్మని తీసుకెళ్తావా?"

"తీస్కపోత," అన్నాడు మహేందర్.

"థాంక్స్," అని, ఇంకేదో అనబోయి, ఫోన్ పెట్టేసింది.

అతను బైకు మీద కొండాపూర్ దాటే దాకా తను ఏం ఒప్పుకున్నాడో అతనికి తట్టలేదు. తట్టగానే రోడ్డు పక్కన బండి ఆపి, హెల్మెట్ తీసి, వానలో రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఇంకెవరినైనా పంపొచ్చా అని ఆలోచించాడు. ఒకరిద్దరి పేర్లు తోచాయి. మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు.

నిజాంపేట ఫ్లాటు తలుపు తోసేసరికి రసజ్ఞ అమ్మ కనకలక్ష్మి చీర మార్చుకుని, చిన్న సంచి భుజాన వేసుకుని, కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. విశాఖలో ట్రెజరీ ఆఫీసులో పనిచేస్తుంది. గట్టి మనిషేనని రసజ్ఞ చెబుతుండేది. ఇప్పుడు మాత్రం సంచి పట్టీని మెలిపెడుతూ ఉంది.

"నువ్వేనా బాబూ మహేందర్? బిడ్డ పుట్టేలోపు కన్ను బాగు చేయించుకుందామని వచ్చాను. ఇంకా రెండు నెలలుందనుకున్నాం. దాన్ని ఒంటరిగా వదిలేసి వచ్చాను."

"ఫికర్ చెయ్యకండమ్మా. పోదాం పదండి. డాక్టర్‌ని అడిగిన్రా, విమానం ఎక్కొచ్చా?"

అడిగానని, పర్వాలేదన్నారని చెప్పింది. రెండు గంటలకోసారి మాత్రం కంట్లో చుక్కలు తప్పకుండా వేయాలట. తనంతట తాను వేసుకోలేదు.

క్యాబ్ వచ్చింది. డ్రైవర్ కూకట్‌పల్లి మీదుగా గచ్చిబౌలి వెళ్దామన్నాడు. ఫోనులోని మ్యాపులో ఆ దారంతా ట్రాఫిక్‌తో ఎర్రగా ఉంది. మాదాపూర్‌లో నీళ్లు నిలిచి బండ్లు కదలడం లేదని మహేందర్ కళ్లారా చూసి వచ్చాడు. దూరమైనా సరే, బాచుపల్లి వైపు వెళ్లి మల్లంపేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కమన్నాడు. డ్రైవర్ గొణిగినా వినిపించుకోలేదు.

కనకలక్ష్మి ఫోన్ ఒళ్లో పెట్టుకుని, అది మోగుతుందేమోనని భయంగా, మోగడం లేదని ఇంకా భయంగా చూస్తోంది. ఒకసారి మోగింది. పక్కింటావిడ. యశస్వినిని థియేటర్‌లోకి తీసుకెళ్లడానికి సిద్ధం చేస్తున్నారట.

"మేం వచ్చేదాకా ఆగలేరా?" అంది కనకలక్ష్మి.

ఆగలేరు. ఆమె ఫోన్ పెట్టేసి కిటికీ వైపు తిరిగింది. ఏడవకూడదని, కంటికి మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆమె ఏడవకుండా ఉండడానికి పళ్లు బిగబట్టి కూర్చోవడం మహేందర్ చూశాడు. ఆ చూడటంలో తన భయం కాసేపు వెనక్కి పోయింది.

అయితే విమానాశ్రయం అద్దాల గోడ కనిపించగానే అది మళ్లీ ముందుకొచ్చింది.

లైన్లు, తనిఖీలు, మెట్లు. కనకలక్ష్మి అతని మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. మెట్టు వచ్చినప్పుడల్లా అతను చెబుతున్నాడు. ఎస్కలేటర్ దగ్గర ఆమె భయపడితే లిఫ్టు వెతికాడు. బోర్డింగ్ పిలుపు వచ్చాక, విమానం తలుపు దాకా ఉన్న ఆ పొడుగాటి సందులో అతని నడక నెమ్మదించింది. విమానం తలుపు ముందు ఆగిపోయాడు. లోపలి గాలి చల్లగా మొహానికి తగిలింది. చొక్కా వానకు తడిసే ఉంది, ఇప్పుడు చెమటకు కూడా తడుస్తోంది. వెనక లైనులో ఎవరో కదలమన్నారు.

కనకలక్ష్మి అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏంటి బాబూ, మెట్టుందా?"

మహేందర్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. నల్లద్దాల వెనక ఏమీ సరిగా కనిపించక, అతని మాట కోసం పాదం గాల్లో ఆపి నిలబడి ఉంది.

"లేదమ్మా. చిన్న సందున్నది. నాతోని పాటు కాలు పెట్టండి," అని ముందు తన కాలు లోపల పెట్టాడు.

కిటికీ పక్క సీట్లో ఆమెను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తను మధ్య సీట్లో కూర్చున్నాడు. తలుపు మూసిన చప్పుడు వినిపించింది. ఊపిరి సగంలో ఆగింది. అదే చప్పుడు. చేతులు కుర్చీ పిడిని పట్టుకున్నాయి.

చలేస్తోందా అని కనకలక్ష్మి అడిగింది. సంచిలోంచి తన శాలువా తీయబోయింది. అప్పుడు ఆమె చెయ్యి అతని చేతికి తగిలింది. అది ఎంతగా వణుకుతోందో ఆమెకు తెలిసింది. కట్టు విప్పిన కన్ను మూసి, రెండో కంటితో అతని మొహంలోకి దగ్గరగా చూసింది.

"భయమా బాబూ?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా అతనికి లేదు. పుణె సంగతంతా చెప్పేశాడు. నవ్వుతుందేమోనని కళ్లు మూసుకునే చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"రసజ్ఞకి తెలుసా?"

"తెల్వదమ్మా."

"దిగాలంటే ఇప్పుడే దిగు, నాన్నా. నన్ను అక్కడ దింపడానికి ఎవరో ఒకరు సాయం చేస్తారు. నీ ప్రాణం మీదికి తెచ్చుకోకు."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. మహేందర్‌కి ఏడుపొచ్చింది. దిగిపోతే ఈ మనిషి ఒక్క కంటితో, ఆసుపత్రిలో ఏం జరుగుతోందో తెలియకుండా, గంటా పావు ఒంటరిగా ఇక్కడ కూర్చోవాలి.

"దిగనమ్మా. నాలుగింటికి మీ కంట్లె చుక్కలు ఎవరేస్తరు?"

విమానం కదిలింది. పరుగెత్తింది. నేల వదిలిన క్షణంలో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో పక్క సీటాయనకు అర్థం కాలేదు.

మబ్బుల్లోకి వెళ్లాక కనకలక్ష్మి, ఏదైనా మాట్లాడమంది. మాట్లాడకపోతే ఆపరేషన్ థియేటరే కళ్ల ముందుకొస్తోందని అంది. మహేందర్‌కి ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలిసిందల్లా ఆ దారి ఒక్కటే. ఇప్పుడు కింద సూర్యాపేట ఉంటుందన్నాడు. కాసేపయ్యాక ఖమ్మం అన్నాడు. ఆమె తన చిన్నప్పుడు ఖమ్మంలో ఉన్న పిన్నిగారింటి గురించి చెప్పింది. గోదావరి ఎప్పుడొస్తుందని అడిగింది. పాపికొండల దగ్గర దాటతాం, ఇంకొంచెం సేపు, అన్నాడు. కాగితం మీద గీతగా మాత్రమే తెలిసిన దూరం కింద నిజంగా ఊళ్లుగా కదిలిపోతోందని అనుకోగానే అతని ఊపిరి కొంచెం కుదురుకుంది.

సరిగ్గా చుక్కల వేళకు విమానం ఊగడం మొదలెట్టింది. బెల్టులు పెట్టుకోమన్నారు. వెనకెక్కడో ఒక పాప ఏడ్చింది. ఒక్కసారి విమానం కిందికి జారినట్టయింది.

"తర్వాత వేద్దాంలే బాబూ," అంది కనకలక్ష్మి.

"వద్దమ్మా. టైం తప్పొద్దన్నరు గద."

అతను చుక్కల మందు తీశాడు. ఆమె తల వెనక్కి వాల్చింది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది కనుబొమ్మ మీద. అతని చేతుల్లో వణుకు విమానానిదో తనదో అతనికే తెలియలేదు. మణికట్టుని ఆమె నుదుటి మీద ఆనించాడు. విమానం ఊగితే ఇద్దరూ కలిసి ఊగారు. ఊపిరి బిగబట్టి నొక్కాడు. మూడో చుక్క కంట్లో పడింది.

ఆమె కన్ను మూసుకుని, అతని చేతిని నుదుటి మీద అలాగే కాసేపు ఉంచుకుంది.

విమానం కొండల మీదుగా దిగి, ఒక ఊపుతో నేలను తాకింది. మహేందర్ మొదటి పనిగా ఫోన్ ఆన్ చేశాడు. సిగ్నల్ రాలేదు. కనకలక్ష్మి వచ్చిందా, వచ్చిందా అని అడుగుతోంది. విమానం ఆగింది, జనం లేచారు, అప్పుడు మోగింది. రసజ్ఞ. బెంగళూరులో తన విమానం ఎక్కబోతూ చేస్తోంది.

ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు, అద్దాల పెట్టెలో పెట్టారు. ఏడ్చింది, అది మంచిదేనట. అక్కకి మాత్రం బీపీ ఇంకా దిగలేదు, మెలకువ రాలేదు, ఐసీయూలో ఉంచారు.

"అమ్మకి అక్క బాగానే ఉందని చెప్పు," అంది రసజ్ఞ.

మహేందర్ కనకలక్ష్మి వైపు చూశాడు. ఇంత దూరం ఆమెకు తను ప్రతి మెట్టూ ఉన్నదున్నట్టు చెబుతూ వచ్చాడు.

"ఉన్నదే చెప్త," అని ఫోన్ పెట్టేసి, ఉన్నదే చెప్పాడు. ఆమె విని, తల ఊపి, "పద బాబూ," అని లేచింది.

ఆసుపత్రిలో వాళ్లను ఐసీయూ బయట చాలాసేపు కూర్చోబెట్టారు. గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడ్డారు. మందులు తెమ్మంటే మహేందర్ పరుగెత్తి తెచ్చాడు. సంతకం ఎవరు పెడతారంటే కాగితం మీద పెన్ను ఎక్కడ ఆనించాలో కనకలక్ష్మికి చూపించాడు, ఆమె సంతకం పెట్టింది. చివరికి ఒక నర్సు బయటికొచ్చి, పేషెంటు కళ్లు తెరిచింది, అమ్మ ఎవరని అడిగింది. కనకలక్ష్మి లోపలికి వెళ్లింది. అద్దంలోంచి ఆమె కూతురి జుట్టు సరిచేయడం కనిపించింది. మహేందర్ అక్కడే గోడకి ఆనుకుని, మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలాడు.

వీధి దీపాలు వెలిగే వేళకు రసజ్ఞ వచ్చింది. మెట్లు పరుగున ఎక్కి వచ్చి, అక్కను చూసి, అద్దాల పెట్టెలో గుప్పెడంత పాపను చూసి బయటికొచ్చింది. బీపీ దిగుతోందని డాక్టరు చెప్పాడు. ఈ రాత్రి గడిస్తే భయం లేదన్నాడు. ఆమె మహేందర్ పక్క కుర్చీలో కూలబడింది.

"నీకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలీడం లేదు," అంది. "బెంగళూరుకు రానన్నవాడివి, ఇవాళ అడగ్గానే వచ్చావ్. ఆ రోజు ఎందుకు రాలేదో ఇప్పటికైనా చెప్పు."

అతను చెప్పాడు. పుణె, తలుపు చప్పుడు, కిటికీల్లోంచి చూసిన మొహాలు. ఇవాళ విమానం తలుపు ముందు ఆగిపోవడం కూడా చెప్పాడు.

"ఇది ముందే చెప్పొచ్చు కదా."

"నవ్వుతవనుకున్న."

"నవ్వేదాన్నే," అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ తర్వాత నీతో పాటు ప్రతి వారం రైల్లో వచ్చేదాన్ని."

మహేందర్ తన చేతుల వంక చూసుకున్నాడు. మంచి రోజు కోసం ఆగడంలో ఇప్పటికే చాలా రోజులు పోయాయి.

"నువ్వు ఫోన్ జేసి, అమ్మను తీస్కపోతవా అంటివి గద. సరే అన్న. విమానం అన్న సంగతి కొండాపూర్ దాటినంక యాదికొచ్చింది. అంటే ముందు నువ్వే యాదికొస్తున్నవు, రసజ్ఞా. అన్నిటికంటే ముందు. గదే చెప్పాల్నని ఎన్ని రోజుల సంది చూస్తున్ననో."

అతనికి విమానంలో కంటే ఎక్కువ భయమేసింది. ఆమె మెల్లగా తన చెయ్యి తీసి అతని చేతిలో పెట్టింది.

"నాన్న పోయిన రోజు నుంచీ ఇంట్లో ఏ కష్టమొచ్చినా అమ్మే మాకు ఫోన్ చేసేది, మేం అమ్మకే చేసేవాళ్లం," అంది. "ఇవాళ అమ్మ కోసమే ఎవరికైనా చెయ్యాల్సొచ్చింది. ఇంకో పేరు వెతకలేదు నేను. నీతో మాట్లాడటం లేదన్న సంగతి కూడా గుర్తు రాలేదు."

ఐసీయూ తలుపు తెరుచుకుని కనకలక్ష్మి బయటికొచ్చింది. ఇద్దరూ చేతులు విడిపించుకున్నారు. కానీ ఆలస్యమైంది. ఆమె ఏమీ అనకుండా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

ఆ సమయంలోనే మహేందర్ ఫోన్ మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. పొద్దున ఆఫీసుకని వెళ్లిన కొడుకు ఇంకా ఇంటికి రాలేదు. అతను ఫోన్ పట్టుకుని లేవబోతుంటే కనకలక్ష్మి చెయ్యి చాపి, తను మాట్లాడతానంది. తెర సరిగా కనిపించక ఏదో నొక్కింది. అవతలి మాట అందరికీ వినిపించింది.

కనకలక్ష్మి తనెవరో చెప్పుకుని, మీ అబ్బాయి విశాఖపట్నంలో ఉన్నాడని, తనను ఇక్కడికి తీసుకొచ్చాడని, కంగారు పడవద్దని చెప్పింది.

"విశాఖపట్నమా? పొద్దుగాల ఆఫీసుకు పోయిండు గదమ్మా. ఎట్లొచ్చిండు?"

"విమానంలో అండి."



"విమానం ఎక్కిండా? దిగకుంట కూసున్నడా?"

"కూర్చున్నాడండి. దారంతా నా చెయ్యి వదల్లేదు. అంత ఊగుతున్న విమానంలో నా కంట్లో చుక్కలు కూడా వేశాడు."

ఆ తల్లి ఏడుస్తోందని ముగ్గురికీ వినిపించింది. మహేందర్ కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి ఆమె గొంతు సవరించుకుని, భయం భయంగా అడిగింది.

"మా వానికి విమానమంటే పానం పోతదమ్మా. ఎవరి కోసం ఎక్కిండు?"

కనకలక్ష్మి నల్లద్దాలు కొంచెం పైకెత్తి, ఎదురుగా ఉన్న ఇద్దరినీ ఒక్క కంటితో చూసింది. రసజ్ఞ తల వంచుకుంది.

"నా కోసమేననుకున్నాను వదినగారూ. మా రెండో అమ్మాయి కోసమని ఇప్పుడే తెలిసింది."

వదినగారూ అన్న పిలుపు అవతలికి చేరడానికి కొంచెం సమయం పట్టింది.

"గట్లనా వదినా," అంది ఆ గొంతు నెమ్మదిగా. "ఆ బిడ్డ ఆడ్నే ఉన్నదా? ఒకసారి ఇయ్యున్రి."

కనకలక్ష్మి ఫోన్ కూతురి చేతిలో పెట్టింది. ఎప్పుడూ మాటలకు తడుముకోని రసజ్ఞ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నమస్తే అండీ అని, ఆ తర్వాత ఏమనాలో తెలియక ఆగిపోయింది.

"బిడ్డా, పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

రసజ్ఞ లేదని తల ఊపింది. ఫోనులో అది కనిపించదని గుర్తు రావడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. ఆలోగా మహేందర్ ఇడ్లీల కోసం మెట్లు దిగుతున్నాడు.